పాలకోనేటి కథయు, పరోపకార శాస్త్రమును

ఒక రాజు తన పట్టణమున క్రొత్తగా త్రవ్వించిన కోనేటిని పాలతో నింపదలచి, ఇంటికొక చెంబెడు పాలు రాత్రివేళ తెచ్చి అందు పోయవలసినదని చాటించెనట. ఇన్ని చెంబుల పాలలో నా ఒక్క చెంబు నీరు ఎవరికి కనబడునని ప్రతి గృహస్థుడును తలచెను. తెల్లవారి చూడగా కోనేటినిండ నీరే కాని పాలచుక్క యొకటియు లేదు. ఈ కథను తాతల నోటను, అవ్వల నోటను విననివారు మనలో అరుదు.

ఆ పట్టణవాసులు దొంగలు కారు, దుష్టులును కారు. ఆకలితో నేడ్చు పసివాడొకడు వారి గుమ్మమున నిలిచియుండినచో, వారిలో పెక్కుమంది ఆ పాలనే ప్రేమతో పోసియుందురు. ఒకే మనుష్యుడు ఒకచోట దాత యగుటకును, మరియొకచోట తప్పించుకొనుటకును కారణమేమి? పరోపకారము మన స్వభావముననే కలదా, లేక శ్రమపడి నేర్వవలసిన గుణమా? జీవశాస్త్రజ్ఞులును, మనస్తత్త్వ శాస్త్రజ్ఞులును ఈ ప్రశ్నలను శ్రద్ధతో పరిశీలించిరి. వారు కనుగొనిన విషయములలో ముఖ్యమైన కొన్నింటిని మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఇచట విన్నవింపదలచితిమి. పరభాషా ప్రాంతమున తెలుగు బడిని నిలుపుకొనుచున్న చిన్న సమాజము మనది. కావున ఈ పాఠము పరీక్ష కొరకు మాత్రమే చదువదగినది కాదు.

తేనెటీగ తెచ్చిన చిక్కు

తనకు నష్టమై, మరియొక ప్రాణికి లాభమగు పనిని జీవశాస్త్రము పరోపకారమని పిలుచును. ఆ ప్రాణి ఏమి తలచి ఆ పని చేసినదని ఈ శాస్త్రము అడుగదు. ఫలితమును మాత్రమే చూచును. తేనెపట్టునందలి కూలి ఈగలను చూడుడు. అవి సామాన్యముగా గ్రుడ్లు పెట్టవు. రాణి ఈగ సంతానమును పెంచుటయే వాని పని. పట్టును కాపాడుటకై మనుష్యుని కుట్టిన కూలి ఈగ, తన కొండి చర్మమున చిక్కుకొనగా, పొట్ట చీలి మరణించును.

బ్రతుకుటకును, సంతానమును పొందుటకును తోడ్పడు గుణములే తరతరములుగా నిలుచునని చార్లెస్ డార్విను 1859లో ప్రకటించెను. అట్లయినచో సంతానమే లేని ఈగల యందలి ఈ గుణము ఎట్లు నిలిచినది? ఇది తన సిద్ధాంతమునకు గొప్ప చిక్కని డార్వినే ఒప్పుకొనెను. ఒక్క ఈగను గాక, దాని కుటుంబమును మొత్తముగా చూడవలెనని సూచించెను.

ఆ సూచనను లెక్కతో నిరూపించినవాడు డబ్ల్యు. డి. హామిల్టన్ అను ఆంగ్లేయుడు. ఆయన సూత్రము 1964లో వెలువడినది. ఒకే తలిదండ్రులకు పుట్టిన పిల్లలు, ఆ తలిదండ్రులనుండి వచ్చిన జన్యువులలో సగటున సగమును సమానముగా కలిగియుందురు. అన్నదమ్ముల పిల్లల నడుమ ఆ పాలు 8లో 1 వంతు మాత్రమే. ఉపకారము పొందినవానికి కలుగు లాభమును ఈ పాలుతో హెచ్చింపగా వచ్చిన ఫలము, ఉపకారము చేసినవాని నష్టముకంటె ఎక్కువైనచో, అట్టి గుణము తరతరములకు నిలువగలదు. ఉదాహరణమునకు నష్టము 2, లాభము 6 అనుకొందము. సోదరునకైనచో 6ను సగముతో హెచ్చింపగా 3 వచ్చును. అది 2 కంటె ఎక్కువ గనుక గుణము నిలుచును. పినతండ్రి కుమారునకైనచో 1 కంటె తక్కువయే వచ్చును గనుక నిలువదు.

ఇట్టి తలపును అంతకు పూర్వమే సూచించినవారిలో జె. బి. ఎస్. హాల్డేన్ ఒకడు. ఆ మహాశాస్త్రజ్ఞుడు 1957లో ఇంగ్లండు విడిచి మన దేశమునకు వచ్చి, భారత పౌరుడై, 1964 డిసెంబరు 1వ తేదీన ఒడిశాలోని భువనేశ్వరమున కాలధర్మము నొందెను.

చుట్టము కానివానికి ఏల పెట్టవలెను?

హామిల్టన్ లెక్క చుట్టరికమున్నచోట చెల్లును. మరి చుట్టము కానివారికి ప్రాణులు సహాయపడవా? మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఖండములలో పశువుల రక్తమును త్రాగి బ్రతుకు గబ్బిలములు కలవు. రెండు మూడు రాత్రులు వరుసగా ఆహారము దొరకనిచో అవి చచ్చును. అట్టి సమయమున, కడుపునిండిన గబ్బిలము తాను త్రాగిన రక్తములో కొంత వెలిగ్రక్కి, ఆకలిగొన్న తోటి గబ్బిలమునకు పెట్టుచుండుటను జెరాల్డ్ విల్కిన్సన్ 1984లో వివరించెను. ఇది చుట్టముల నడుమనే గాక, చిరకాలము ఒకే తొర్రలో కలిసి వసించువాని నడుమను జరుగును. చుట్టరికముకంటె, పూర్వము తనకు పెట్టిన మేలే ఈ పంపకమును ఎక్కువగా నిర్ణయించుచున్నదని 2013లో వెలువడిన పరిశోధన తెలిపినది.

దీనికి రాబర్ట్ ట్రివర్స్ 1971లోనే కారణము చెప్పియుండెను. నేడు నేను నీకు, రేపు నీవు నాకు అను ఒప్పందము ఇరువురకును మేలే. అయితే అందులకు రెండు షరతులు కలవు. ఆ ఇరువురును మరల మరల కలిసికొనుచుండవలెను. ఎవరు మేలు చేసిరో, ఎవరు తప్పించుకొనిరో గుర్తుంచుకొనగలుగవలెను. పెద్ద నగరపు గుంపులో ఈ షరతులు నెరవేరుట కష్టము. ఒకరి ముఖము ఒకరెరిగిన చిన్న సమాజమున సులభము. చిన్నవారమని విచారించు మనకు ఇది యొక బలము.

పసిబిడ్డ నేర్పిన పాఠము

మనుష్యుడు చుట్టమునకును, బాకీ తీర్చువానికిని మాత్రమే సహాయపడునా? 2006లో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమాసెల్లో అను ఇరువురు శాస్త్రజ్ఞులు 18 నెలల బిడ్డలను పరీక్షించిరి. బిడ్డ చూచుచుండగా, క్రొత్త మనుష్యుడొకడు బట్టలారవేయుచు చేతిలోని క్లిప్పును జారవిడిచి, అందుకొనలేనట్లు చేయి చాచెను. చాలమంది బిడ్డలు తప్పుటడుగులతో పోయి, దానిని తీసి అందించిరి. వారిని ఎవరును అడుగలేదు, పొగడలేదు, బహుమాన మీయలేదు. వాడు కావలెననియే పారవేసినపుడు మాత్రము బిడ్డలు అట్లు చేయలేదు. అనగా ఇతరుని అవసరమును గ్రహించు శక్తి, మాటలు సరిగా రాకమునుపే వారికి కలదన్నమాట.

తలిదండ్రులు గమనింపదగిన మరియొక సంగతి కలదు. 20 నెలల బిడ్డలపై 2008లో ప్రకటింపబడిన పరీక్షలో, సహాయము చేసినపుడెల్ల ఆటవస్తువును బహుమానముగా పొందిన బిడ్డలు, ఆ బహుమానము ఆగినపిదప, ఏమియు పొందని బిడ్డలకంటె తక్కువగా సహాయపడిరి. పొరుగింటి అవ్వకు మందు తెచ్చిన పిల్లవానికి వెంటనే డబ్బులిచ్చుట, వాని చేతిలో నున్న దీపమును మనమే ఆర్పినట్లగునేమో పెద్దలు ఆలోచింతురుగాక.

మంచివారు ఏల ఊరకుందురు?

ఇంతటి మంచి స్వభావము పుట్టుకతోనే కలిగియుండగా, కోనేటిలో నీరేల చేరినది? 1968లో అమెరికాలో జాన్ డార్లీ, బిబ్ లటానే అనువారు చేసిన పరీక్షలో దీనికి సమాధానము దొరకును. కళాశాల విద్యార్థులను వేరువేరు గదులలో కూర్చుండబెట్టి, యంత్రముద్వారా మాటలాడుకొనునట్లు ఏర్పాటు చేసిరి. నడుమ ఒక గొంతుక మూర్ఛ వచ్చినట్లు తడబడి, సహాయము కోరినది. అది ముందుగా ముద్రించిన ధ్వని. వినువారికి ఆ సంగతి తెలియదు. ఆ మూర్ఛ ముగియులోగా సహాయమునకై లేచినవారి సంఖ్యలు ఇవి. తానొక్కడే వినుచున్నానని తలచినవారిలో 100కు 85 మంది. మరియొకడును వినుచున్నాడని తలచినవారిలో 62 మంది. మరి నలుగురు వినుచున్నారని తలచినవారిలో 31 మంది మాత్రమే.

లేవనివారు కఠిన హృదయులా? కారు. పరీక్షకుడు గదిలోనికి పోయి చూడగా వారిలో పలువురకు చేతులు వణకుచుండెను. ఆ రోగి క్షేమమా యని వారే అడిగిరి. వారికి జాలి లేకపోలేదు. ఇది నా పని యను నిశ్చయమే లేకపోయినది. వినువారి సంఖ్య పెరిగినకొలది బాధ్యత చెదరి, ఎవరి వంతునకును చాలనంత పలుచనైనది. పాలకోనేటి కథలోని రహస్యమును ఈ అంకెలు చక్కగా వెల్లడించుచున్నవి.

1973లో ప్రకటింపబడిన మరియొక పరీక్ష, విద్యార్థులందరును జ్ఞాపకముంచుకొనదగినది. డార్లీ, డానియెల్ బాట్సన్ అనువారు, క్రైస్తవ మతాచార్యులగుటకు చదువుచున్న యువకులను ఒక భవనమునుండి మరియొక భవనమునకు ప్రసంగించుటకై పంపిరి. దారిలో ఒకడు కూలబడి, తలవాల్చి మూలుగుచుండెను. కావలసినంత తీరిక కలదని చెప్పి పంపబడినవారిలో 100కు 63 మంది సహాయపడిరి. కొలదిపాటి తొందరలో నున్నవారిలో 45 మంది, ఆలస్యమైనదని తొందరపెట్టి పంపబడినవారిలో 10 మంది మాత్రమే ఆగిరి. వారిలో కొందరు ప్రసంగింపబోవు విషయమేమనగా, దారిలో గాయపడిన పాంథునకు సహాయపడిన సమరయుని కథ! పరోపకారమును గూర్చి ప్రసంగింప నేర్చుట వేరు, అందులకు తీరిక కల్పించుకొనుట వేరు.

సేవ చేసినవానికి కలుగు మేలు

సేవ చేసినచో పిల్లల చదువు చెడునని కొందరు పెద్దలు భయపడుదురు. 2013లో ప్రకటింపబడిన ఒక పరిశోధనను వారికి చెప్పదలచితిమి. కెనడాలో 10వ తరగతి చదువుచున్న 106 మంది పిల్లలను, చీట్లు వేసినట్లు, రెండు జట్లుగా విభజించిరి. ఒక జట్టువారు వారమున కొకమారు చొప్పున సుమారు 2 నెలలు ప్రాథమిక పాఠశాల పిల్లలకు చదువులోను, ఆటలలోను తోడ్పడిరి. రెండవ జట్టువారికి ఆ అవకాశము తరువాత ఇయ్యబడినది. సేవ చేసినవారి రక్తమున కొలెస్టరాలును, శరీరమున వాపును సూచించు ఒక పదార్థమును, రెండవ జట్టువారికంటె తక్కువగా కనబడినవి. ఇతరులయెడ సానుభూతి ఎక్కువగా పెరిగిన పిల్లలకే ఈ మేలు ఎక్కువగా కలిగినది.

అయితే శాస్త్రమును చదువువారు ఒక జాగ్రత్త వహింపవలెను. సేవ చేయు వృద్ధులు దీర్ఘాయుష్మంతులని కొన్ని పరిశీలనలు తెల్పుచున్నవి. కాని ఆరోగ్యవంతులే సేవకు పోగలుగుదురు గదా! సేవవలన ఆరోగ్యము కలిగినదో, ఆరోగ్యమువలన సేవ సాధ్యమైనదో వెంటనే తేల్చి చెప్పరాదు. చీట్లు వేసినట్లు జట్లను విభజించుటకు కారణమిదియే.

ఇక రెండవ జాగ్రత్త. అమెరికాలో 1957లో ఉన్నత పాఠశాల చదువు ముగించినవారిని చిరకాలము పరిశీలించిన శాస్త్రజ్ఞులు, 2012లో ఒక విశేషము ప్రకటించిరి. ఇతరుల మేలుకొరకు సేవ చేసినవారిలో, తరువాతి 4 సంవత్సరములలో మరణములు తక్కువగా నుండెను. తమ మేలుకొరకే సేవ చేసినవారి లెక్క, ఏ సేవయు చేయనివారి లెక్కతో దాదాపు సమానముగా నుండెను. లాభమునకై చేసిన సేవకు లాభము నిలువకపోవుట ఎంత చిత్రము!

పర్లాకిమిడి ఉపాధ్యాయుడు

చుట్టరికపు లెక్కకును, బదులు తీర్చు ఒప్పందమునకును అందని పరోపకారము మన సమీపముననే జరిగినది. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863లో జన్మించి, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ప్రవేశించిరి. వ్యావహారిక భాషకొరకు వారు చేసిన కృషిని మీరు చదివియుందురు. వారి జన్మదినమగు ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. కాని వారు సవరలకు చేసిన సేవను ఎరిగినవారు తక్కువ.

పర్లాకిమిడి చుట్టుపట్ల కొండలలో వసించు సవరలకు ఒక భాష కలదు. ఆనాడు ఆ భాషకు వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు; వారి పిల్లలకు తమ భాషలో చదువు లేదు. సవరలు పంతులుగారికి చుట్టములు కారు. బదులు తీర్చగల ధనవంతులును కారు. అయినను వారు ఆ భాషను శ్రమపడి నేర్చి, సవర బాలురకు చదువు చెప్పించిరి. వారి సవర వ్యాకరణము 1931లోను, సవర నిఘంటువు 1938లోను వెలువడినవి. మన్యములలో తిరుగుటచే వచ్చిన చలిజ్వరమునకు వాడిన క్వినైను వలన వారి వినికిడి పోయినదని వారి చరిత్రకారులు వ్రాసియున్నారు. ఒక భాష పలుకుబడిని వినుటకై తిరిగినవారు చెవులనే కోల్పోయిరి.

1936లో ఒడిశా రాష్ట్రమేర్పడగా పర్లాకిమిడి అందు చేరినది. అచటి తెలుగువారు అల్పసంఖ్యాకులైరి. పంతులుగారు ఆ ఏర్పాటు నంగీకరింపలేక రాజమహేంద్రవరము చేరి, 1940లో పరమపదించిరి. తమ భాషకొరకు బాధపడిన ఆ మహనీయుడు, అంతకు ఎన్నో ఏండ్లకు పూర్వమే తమకంటె నిస్సహాయులైనవారి భాషకు సేవ చేసియుండెనను సంగతిని మనము మరువరాదు.

మన కోనేరు

ఇక మన సంగతి చూతము. ప్రాథమిక దశలో మాతృభాషయందు విద్యాబోధనకు తగిన సౌకర్యములు కల్పింపవలెనని రాజ్యాంగమునందలి 350-ఏ అధికరణము చెప్పుచున్నది. ఇది 1956లో చేర్చబడినది. కాని అధికరణము బడికి పిల్లలను తీసికొనిరాదు. గ్రంథాలయపు బీరువా తెరువదు. తెలుగు చదువలేక వెనుకబడిన 3వ తరగతి పిల్లవాని ప్రక్కన కూర్చుండదు. ఆ పనులు మనుష్యులే చేయవలెను. తలిదండ్రుల సభకు ఎవరో ఒకరు పోవుదురులే, పుస్తకములు ఎవరో ఒకరు సర్దుదురులే, చిన్నపిల్లలకు ఎవరో ఒకరు చెప్పుదురులే యని మనమందరము తలచినచో, తెల్లవారి చూచునప్పటికి మన కోనేటిలోను నీరే కనబడును. బడి ఒక్కనాడు మూతబడదు. ఒక్కొక్క చెంబుగా పలుచనగును.

దీనికి మార్గము మన పూర్వు లెరిగినదే. కోలారు ప్రాంతపు గ్రామములలో చెరువునీటిని పొలములకు పంచువానిని నీరుగంటి యందురు. ఎవరి మడికి ఎప్పుడు నీరు పోవలెనో అతడు చూచును. తూము తెరచుట అందరి పని యని విడువలేదు. ఒకని పని యని నిర్ణయించిరి. చెరువులు, అడవులు, మేతబీళ్లు మొదలగు ఉమ్మడి సొత్తులను అనేక దేశములలో పరిశీలించిన ఎలినార్ ఆస్ట్రమ్, 1990లో ప్రకటించిన తన గ్రంథమున ఇట్టి సంగతినే నిరూపించెను. ఎవరి వంతేమో, ఎవరు కనిపెట్టి చూడవలెనో స్పష్టముగా నున్నచోట ఉమ్మడి సొత్తు చిరకాలము నిలుచును. ఆమెకు 2009లో ఆర్థికశాస్త్రమున నోబెల్ బహుమాన మొసగిరి.

కావున విద్యార్థులారా, సేవ చేయుడని సామాన్యముగా చెప్పి ఊరకుండక, మేము కొన్ని చిన్న పనులను సూచించుచున్నాము. వారమునకు ఒక గంట చాలును.

ఒకటి: పై తరగతి విద్యార్థి యొక్కడు క్రింది తరగతి పిల్లవాని నొక్కనిని ఎన్నుకొని, వానికి తెలుగు చదువుట నేర్పవలెను. ఆ ఇరువురి పేర్లును గోడపలకపై వ్రాయవలెను.

రెండు: గ్రంథాలయపు బీరువా తాళపుచెవి ఏ నెలలో ఎవరి వద్ద నుండునో ముందుగా నిర్ణయింపవలెను.

మూడు: ప్రాంతీయ భాష చదువరాని వృద్ధులకు ఆసుపత్రి చీటిని, కార్యాలయపు కాగితమును చదివి చెప్పవలెను. రెండు భాషలు వచ్చుట మన బరువని తలచువారు కలరు. ఆ వృద్ధుల ఎదుట అది మన సంపద. అయితే తలిదండ్రులకు చెప్పియే పోవలెను.

నాలుగు: సేవను తెలుగు ఇండ్లతోనే ఆపరాదు. మీ వీధిలోని కన్నడ, తమిళ, ఒడియా లేక మరాఠీ పిల్లవానికి లెక్కలు రానిచో, వానికి వాని భాషలోనే చెప్పుడు. మన భాషను గౌరవింపుడని పొరుగువారిని కోరుటకు అర్హత అట్లే లభించును.

తలిదండ్రులారా, మీకును ఒక మనవి. ఆ గంటకు మార్కులు రావని పిల్లలను తొందరపెట్టకుడు. తొందరలో నున్నవారిలో 100కు 10 మందియే ఆగిరని మీరు చదివితిరి. మీరును ఒక పనిని పేరు చెప్పి స్వీకరింపుడు. తండ్రి చెంబులో పాలున్నవో, నీరున్నదో పిల్లవాడు చీకటిలోను కనిపెట్టగలడు.

అభ్యాసము

1. జీవశాస్త్రము పరోపకారమను మాటకు చెప్పు అర్థమునకును, మనము వాడుకలో చెప్పు అర్థమునకును భేదమేమి?

2. నష్టము 3, లాభము 8 అయినచో, హామిల్టన్ సూత్రము ననుసరించి సోదరునకు చేయు ఉపకారము నిలుచునా? పినతండ్రి కుమారునకు చేయునది నిలుచునా? లెక్క చేసి చూపుడు.

3. 1968 నాటి పరీక్షలో సహాయమునకు లేవనివారు జాలిలేనివారు కారని ఎట్లు తెలిసినది?

4. కెనడా పరిశోధనలో పిల్లలను చీట్లు వేసినట్లు విభజింపకున్నచో ఏ సందేహము మిగులును?

5. మీ తరగతిలో ఎవరో ఒకరు చేయుదురులే యని అందరును విడిచిన పని యొకటి పేర్కొనుడు. దానిని ఎవరు, ఏ దినమున, ఏ గంటకు చేయుదురో పేరుతో వ్రాసి మీ ఉపాధ్యాయునకు చూపుడు.